సౌభాగ్య తీసేసిన పోస్టు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. పెరట్లో పట్టుపురుగులు పెంచే పురుగులింటి గోడలకు సున్నం కొడుతూ గుండప్ప, పంచలో రాగులు చెరుగుతూ అతని తల్లి చిన్నవెంకటమ్మ, పక్కగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతూ అతని చెల్లెలు సౌభాగ్య, వంటింటి గడప మీద ఫోను పట్టుకుని అతని కూతురు నేత్ర. ఐదో మనిషి, నేత్ర తల్లి పిల్లమ్మ, ముళబాగిలు దాటి అవతల తన పుట్టింట్లో ఉంది. ఆమెను పొమ్మని ఎవరూ అనలేదు. పోతుంటే ఉండమనీ ఎవరూ అనలేదు.

పోయిన పంటలో పట్టుపురుగులు చచ్చినందుకే ఇదంతా. నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి కుబుసం విడిచి, వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆకు మేస్తున్న పురుగులు ఒక్క పూటలో తలలు ఆడిస్తూ, పచ్చగా కక్కుకుంటూ రాలిపోయాయి. ఇంకో వారమైతే గూళ్లు కట్టేవి. టమోటా తోటకు పురుగుమందు కొట్టినవాళ్లు తలస్నానం చేసి, బట్ట మార్చుకుని గాని పురుగులింట్లో కాలు పెట్టరు. ఆ రోజు మందు కొట్టింది పిల్లమ్మ. స్నానం చేశాననీ, చీర విప్పి బయట దండెం మీద వేశాననీ ఆమె ఎంత మొత్తుకున్నా, ఆ చీర పురుగులింట్లో తట్టల పక్కన తడిసి పడి ఉంది. చిన్నవెంకటమ్మ దాన్ని వాసన చూసి, ఊరంతా వినబడేటట్టు నెత్తి బాదుకుంది. చీర లోపలికెట్లా పోయిందో పిల్లమ్మకే తెలియదు.

నేత్ర అప్పుడూ నోరు విప్పలేదు. బళ్లో హాజరు పిలిస్తే కూడా పక్కనున్న పిల్లే "వచ్చింది సార్" అని చెప్పాలి. అట్లాంటి పిల్లకు లోకమంతా ఫోన్లోనే ఉంది. ఫీడ్ రీడర్ అనేది ఒకటుందని నేర్పింది సౌభాగ్యే. మొగుడితో పొసగక, బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేట నుంచి పెట్టె పట్టుకుని వచ్చిన కొత్తలో, "నీకు నచ్చిన సైట్లన్నీ దీంట్లో ఒకసారి కలిపి పెట్టుకో. ఇంగ నువ్వు యాడికీ పోయే పన్లేదు. వాళ్లేమి రాసినా పాలు పోసే ఆయమ్మ మాదిరి ఇంటికే తెచ్చి పోసిపోతాది" అని చెప్పింది. నేత్ర పక్షుల గురించి రాసే సైటు ఒకటి, పరీక్షల వార్తల సైటు ఒకటి కలుపుకుంది. వాటికి పైన అత్త బ్లాగు. ఇంట్లో మాట తెలుగు, బళ్లో రాత కన్నడం. అందుకని సౌభాగ్య తెలుగునే కన్నడ అక్షరాల్లో రాసేది. ఎక్కడా తన పేరు పెట్టలేదు. గని మూతబడి ఎన్నేళ్లయినా చీకటితోనే లేచి, చేసేదానికేమీ లేక వీధంతా ఊడ్చే మామగారి గురించి, కొళాయి దగ్గర తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించే తిట్ల గురించి రాసేది. అవి చదివి నేత్ర ఒక్కతే దుప్పటి కింద నవ్వుకునేది.

ఆ మధ్యాహ్నం రీడర్‌లో అత్త బ్లాగు కొత్తగా ఏదో వచ్చినట్టు చూపించింది. నేత్ర ఆత్రంగా తెరిచింది.

"జల్లు పడతా ఉండింది. ఆకుగంప ఎత్తుకోని, దండెం మీద చేతికి దొరికిన చీర తల మీద కప్పుకోని లోపలికి పోయినాను. తట్టల కాడ దించినంక మందు వాసన తగిలింది. అది వదిన చీర. అంతలోకే అమ్మ పిలిచింది. ఆడే పడేసి వచ్చేసినాను. ఇంతవరకూ నోరు తెరిచి చెప్పలేదు."

మళ్లీ చదవాలని నేత్ర నేరుగా బ్లాగులోకి వెళ్లింది. అక్కడ ఆ పేజీ లేదు. రాసిన కాసేపటికే అత్త తీసేసినట్టుంది. తిరిగి రీడర్‌లోకి వచ్చి చూస్తే, ఒక్క అక్షరం కూడా పోకుండా అట్లాగే ఉంది.

గుండప్ప నీళ్లు తాగడానికి పంచలోకి వచ్చాడు.

"అమ్మా, ఎల్లుండి పిల్లపురుగులు తెస్తా ఉండాను. ఆకు కోసేదానికి సౌభాగ్య ఒకతే చాలదు. పోయి పిల్లమ్మని పిలుచుకోని వస్తాను."

"పిలుచుకోని రా. అట్లే మందు డబ్బా ఒకటి తెచ్చి పురుగుల మీద నువ్వే పోసెయ్. ఆయమ్మకి శ్రమ యాల?"

"అట్లనొద్దు మా."

"ఇంగెట్లనాల? ఈ పంట గూళ్లయి మార్కెట్టు చేరేదాకా దాని కాలు ఈ గడప తొక్కకూడదు. ఆపైన నీ ఇష్టం, నెత్తిన కూర్చోబెట్టుకో."

గుండప్ప చెంబు బోర్లించి మళ్లీ పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఫోను తీసుకుపోయి నాన్నకు చూపిస్తే చాలని నేత్రకు తెలుసు. ఆయనకు కన్నడ అక్షరాలు వస్తాయి. అయినా ముందు అత్త దగ్గరికే వెళ్లింది. అత్త తనంతట తాను చెబితే ఇద్దరికీ మర్యాదగా ఉంటుందనుకుంది.

"అత్తా."

"ఏమే, అమ్మాయిగారు నోరు తెరిచినారు! ఈ దినం వాన గ్యారంటీ."

"నువ్వు రాసింది చదివినాను. చీర గురించి."

సౌభాగ్య చేతిలో రవిక సగం మడతలో ఆగిపోయింది. "నేనేమీ పెట్టలేదే."

"పెట్టి తీసేసినావు. నా దాంట్లో ఉండాది."

"తీసేసినంక యాడుంటాదే?"

"రీడర్లో. వచ్చింది వచ్చినట్టే నిలిచిపోయింది."

నేర్పిన మనిషికే ఆ సంగతి తెలియదు. సౌభాగ్య మంచం అంచున కూలబడింది.

"నువ్వే చెప్పత్తా అవ్వకి. నువ్వు చెప్తే అమ్మ రేపే వస్తాది."

"చెప్తే ఏమయితాదో నీకు ఎరుకనా? మీ అమ్మకి పోయేదానికి అమ్మగారిల్లు ఉండాది. నాకు ఇదే అమ్మగారిల్లు. ఈడ్నించి తోలేస్తే యాడికి పోయేది, గని గుంతలోకా?"

నేత్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త చెయ్యి చాపింది.

"సరే, చెప్తాలే. ఏమి రాసినానో ముందర చూడనీ. ఇట్లియ్యి."

నేత్ర ఫోను ఇచ్చింది. సౌభాగ్య బొటనవేలు పైకి కిందికి కదిలి, ఒకచోట ఆగి, గట్టిగా నొక్కింది. ఫోను తిరిగి చేతికొచ్చేసరికి రీడర్‌లో పక్షుల సైటుంది, పరీక్షల సైటుంది. అత్త బ్లాగు లేదు. చీర సంగతితో పాటు మామగారి చీపురు, కొళాయి తిట్లు, అన్నీ రీడర్‌లోంచి పోయాయి.

"అత్తా, తీసేసినావా?"

"ఏమి తీసినాను? యాడుండాదో చూపించు."

నేత్ర పరుగున పెరట్లోకి పోయింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అప్పా! అమ్మ కాదప్పా. ఆ చీర కప్పుకోని లోపలికి పోయింది అత్త. అత్తే రాసింది!"

గుండప్ప సున్నం చేతులు తువ్వాలుకు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. పైకి జరిపి చూశాడు, కిందికి జరిపి చూశాడు.

"ఇది కొంగ గదమ్మా," అన్నాడు.

వెనకాలే వచ్చిన చిన్నవెంకటమ్మ చేట కిందికి దించింది. "అమ్మ మీద ప్రేముంటే ఉండనీ. దానికని అత్త నెత్తిన రుద్దేదా? నిన్నటిదాకా మాటలు రావనుకుంటిమే, మూగది మాట్లాడితే ఇట్లుంటాదా!"

గుండప్ప గది వైపు తిరిగాడు. సౌభాగ్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమ్మా సౌభాగ్యా, ఏమిది?"

"పొద్దు మునిగేదాకా ఫోన్లో కతలు చదివి చదివి, పిల్లకి ఏది కతో ఏది నిజమో తెలీకుండా పోయిందన్నా," అంది ఆమె, గోడకేసి చూస్తూ.

గుండప్ప ఇద్దరి ముఖాలూ చూశాడు. ఇంకేదో అడగబోయినవాడు తల్లి వైపు చూసి ఆగిపోయాడు. "సున్నం ఆరిపోతాది," అని గొణిగి, కుంచె అందుకున్నాడు.

నేత్ర మెల్లగా గుమ్మం దాకా వెళ్లింది. కోపం రాలేదు. ఏడుపే వస్తోంది.

"మళ్లా రాయత్తా. ఒక్కసారి. నేను ఎవరికీ చూపించను, నువ్వే చదివి వినిపించు అప్పకి."

సౌభాగ్య చెయ్యి నేత్ర చెంప దాకా వచ్చి, తాకకుండానే వెనక్కి పోయింది.

"ఇంగ నేనేమీ రాయను నేత్రా," అని, పెరట్లో అన్నకు వినబడకుండా తలుపు నెమ్మదిగా వేసుకుంది.