లోపలికి నొక్కి తిప్పాలి

ఇరవై మూడు కిలోలు. అంతకు మించి ఒక్క గరిటె బరువు ఎక్కువున్నా పెట్టె విమానం ఎక్కదని కాగితంలో రాసి ఉంది. క్యాంటీన్ వంటమనిషి ఆ కాగితాన్ని పదిసార్లు చదివింది. పదిసార్లూ ఇరవై మూడే.

తలుపు పైకమ్మికి తాడు కట్టి, దానికి స్ప్రింగు కాటా తగిలించింది. ఒక్కో సామానూ తూచి పెట్టెలో పెడుతోంది. పెట్టడం, మళ్ళీ తియ్యడం. పిల్లి కూనల్ని మార్చినట్టు పొద్దున్నించీ ఇదే పని. కింద వాటాలో ఇస్త్రీ చేసుకునే పిన్ని తన ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా పైకొచ్చి గుమ్మంలో కూచుంది.

"కత్తులెందుకే అమ్మాయ్? ఆ దేశంలో కత్తులుండవా?"

"ఉంటాయి పిన్నీ. అవి వాళ్ళ చేతులకి అలవాటు పడ్డవి. నా వేలు తెగితే వాళ్ళ కత్తి ఏడుస్తుందా?"

"మరి ఆ చెక్క? తూకం చూడు, రెండున్నర. అదేమన్నా పెళ్ళికూతురా, మోసుకెళ్ళడానికి!"

కూరలు తరిగే చెక్క అది. నడుమ పళ్ళెంలా గుంట పడింది. పదిహేనేళ్ళు దానిమీదే తరిగింది. అది ఉంటే కళ్ళు మూసుకుని తరిగినా వేలు తెగదు. పక్కనే మిరియాలు దంచే ఇనుప రోకలి ఉంది. మూరెడు పొడుగు, రెండు కిలోల పైచిలుకు. చెక్క వస్తే రోకలి రాదు, రోకలి వస్తే చెక్క రాదు. రోకలి తీసి గట్టుమీద పెట్టేసింది.

"కుక్కరో?" అంది పిన్ని.

"అది చివర్లో చూస్తా" అంది.

చివర్లోనే చూడాలి. పాస్‌పోర్టూ, పని కాగితాలూ, టికెట్టూ ఆ కుక్కర్లోనే ఉన్నాయి మరి. ఆ మాట పిన్నికి కూడా చెప్పలేదు.

ఎందుకు దాచిందంటే తమ్ముడికి భయపడి. తమ్ముడు లారీ షెడ్డులో సొట్టలు తీస్తాడు. గుద్దుకుని నలిగిన తలుపుల్నీ బానెట్లనీ కొట్టి కొట్టి మళ్ళీ కొత్తవాటిలా చేస్తాడు. చెట్టంత మనిషి. అందరూ సమ్మెట అంటారు, కన్నవాళ్ళు పెట్టిన పేరు వాడికే గుర్తుందో లేదో. రెండేళ్ళ కిందట ఇలాగే ఒక ఓడరేవు క్యాంటీన్ నుంచి పని కాగితం వస్తే, దాన్ని అగ్గిపుల్ల గీసి కాల్చాడు. అడ్డమొచ్చిందని ఆమె ఎడమచేతి చిటికెనవేలు వెనక్కి విరిచాడు. ఆ వేలు ఇప్పటికీ వంగదు. గరిటె పట్టుకుంటే అదొక్కటీ వేరుగా నిలబడి చూస్తుంటుంది.

ఈసారి కాగితం పోతే ఇంకోటి రాదు. ముప్పై ఎనిమిదేళ్ళు. నలభై దాటిన వంటమనిషిని వాళ్ళు తీసుకోరు. అందుకని వాడు పుట్టి బుద్ధెరిగాక చెయ్యి పెట్టని చోటు ఇంట్లో ఏదని వెతికింది. అలాంటి చోటు కుక్కరొక్కటే దొరికింది.

వాడు పొయ్యి దగ్గరికి రాకపోవడం కూడా ఆమె చేసిన పనే. తల్లి పోయేనాటికి వాడికి నాలుగు, ఆమెకి పన్నెండు. ఒకసారి మరుగుతున్న గిన్నె మీద పడబోయాడు. అప్పట్నించీ వంటగది గడప దాటితే చాలు, గరిటె కాడతో వేళ్ళమీద కొట్టి తరిమేది. "మగపిల్లాడివి, నీకెందుకురా ఇక్కడ" అనేది. వాడు మళ్ళీ రాలేదు. కూచుంటాడు, తింటాడు, చెయ్యి కడుక్కుంటాడు. ఇరవై ఆరేళ్ళుగా అంతే.

ఆటో మూడింటికి వస్తుంది. సమ్మెట ఆరు దాటితే గాని రాడు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ క్యాంటీన్ గేటు కాపలావాడి నోరు చిల్లుకుండ. మధ్యాహ్నం సమ్మెట టీకి వెళ్తే, "మీ అక్క లేకపోతే మా భోజనాలు గోవిందా" అన్నాడు. రెండున్నరకి మెట్లమీద బూట్ల చప్పుడు వినపడింది. పిన్ని లేచి గోడకి అతుక్కుపోయింది.

వాడు కాటా కేసి చూశాడు, పెట్టె కేసి చూశాడు.

"పిన్నీ, నీ ఇస్త్రీపెట్టె మాడుతోంది. కిందికి పో."

పిన్ని వెళ్ళింది. వాడు తలుపు గొళ్ళెం పెట్టి, పనిముట్ల సంచీ నేలమీద పడేశాడు.

"ఎక్కడ పెట్టావ్?"

"ఏది?"

చెంప ఛెళ్ళుమంది. ఆమె కాటాకి కొట్టుకుంది. దాని ముల్లు గిరగిరా తిరిగి ఎక్కడో ఆగింది.

"అక్కా, నన్ను మళ్ళీ అడిగించకు."

"అడగడానికి నువ్వెవడివిరా? నా పొట్టకి నేను పోతున్నా."

"మరి నా పొట్ట?"

"మట్టి పెట్టి నింపుకో."

వాడు పెట్టె ఎత్తి బోర్లించాడు. కత్తులు నేలమీద జారుకుంటూ పోయాయి. దుప్పటి దులిపాడు. దిండు చీల్చాడు, గదంతా దూది. పప్పుల డబ్బాలన్నీ ఒక్కొక్కటీ గోడకేసి కొట్టాడు. అద్దం వెనక చూడాలంటే అద్దం దింపితే సరిపోతుంది. వాడు పగలగొట్టి చూశాడు. గాజుముక్క తగిలి మోచేతి నుంచి నెత్తురు కారుతుంటే ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ వెతికాడు. ఆమె గట్టు దగ్గర నిలబడి కుక్కరు వైపు చూడకుండా ఉండాలని చూస్తోంది. అదే తప్పయింది. గదిలో అన్నిటినీ చూసి, ఒక్కదాన్ని చూడని మనిషిని ఎవడైనా పసిగడతాడు.

వాడు కుక్కరు తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల కాగితాలు టపటపమన్నాయి.

"ఆహా! ఇదా నీ బీరువా!" అని నవ్వి, పిడి పట్టుకుని మూత పైకి లాగాడు.

రాలేదు. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని లాగాడు. మెడనరాలు తాళ్ళలా లేచాయి. అయినా రాలేదు. ఆ మూత గిన్నె పైన కూచునే రకం కాదు. లోపలికి దూరి, లోపలినుంచి అంచుకి ఆనుకునే రకం. పైకి లాగేకొద్దీ బిగుసుకుంటుంది. కొక్కెం తప్పించి, లోపలికి నొక్కి, పక్కకి తిప్పి, ఏటవాలుగా తియ్యాలి. వంట చేసే ఏ ఇంట్లోనైనా పదేళ్ళ పిల్లకి తెలిసిన సంగతి.

ఆమెకి నవ్వు రాకూడని చోట వచ్చింది.

"నవ్వకు. తియ్యి."

"ఇరవై ఆరేళ్ళు అందులోది తిన్నావు. మూత తియ్యడం తెలీదా? లారీలు విప్పుతావంటగా!"

ఈసారి చెంపదెబ్బ కాదు, పిడికిలి. పెదవి చిట్లింది. లోపల ఒక పన్ను కదిలి నాలుకకి తగిలింది. ఆమె గట్టు పట్టుకుని నిలదొక్కుకుంది. నోట్లోది మింగి, "చంపు. శవం కూడా తియ్యదు దాన్ని" అంది.

వాడు సంచీలోంచి సుత్తి తీశాడు.

మొదటి దెబ్బకి గిన్నె ఎగిరి మూలకి పోయింది. తెచ్చి కాలికింద తొక్కిపెట్టి రెండోది కొట్టాడు. లొత్త పడింది. మూడోది సరిగ్గా మూతి అంచుమీద పడింది. అంచు లోపలికి వంగి మూతని కరుచుకుంది. అప్పుడు గాని ఆమెకి అసలు భయం పుట్టలేదు. వాడు కొడుతున్నది గిన్నెని కాదు. ఇంకో రెండు దెబ్బలు పడితే ఆ మూత ఇక ఎవరికీ రాదు. వాడికే కాదు, ఆమెకీ రాదు. విమానం మాత్రం ఎగురుతుంది.

వాడు సుత్తి మళ్ళీ ఎత్తాడు. ఆమె చేతికి రోకలి దొరికింది. ఎదిగినవాణ్ణి కొడుతున్నానన్న జంకు కూడా లేదు, పాత అలవాటే. చిన్నప్పుడు గరిటెతో కొట్టిన చోటికి కాస్త పైన, మణికట్టు మీద, రెండు చేతులా దించింది.

ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. సుత్తి జారి వాడి కాలిమీదే పడింది. వాడు అరవలేదు. ముందు తన చేతికేసి చూశాడు. చెయ్యి ఉండకూడని వైపు వంగి ఉంది. అప్పుడరిచాడు. అరుస్తూనే కాలెత్తి ఆమె డొక్కలో తన్నాడు. ఆమె పోయి మంచం కోడుకి కొట్టుకుంది. పక్కటెముక లోపల ఏదో కలుక్కుమంది. వాడు మళ్ళీ మీదికొచ్చాడు. ఈసారి మోకాలిచిప్పకి తగిలింది రోకలి. వాడు గోడకి జారబడి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దూదిలో కూచుండిపోయాడు.

కింద ఆటో హారన్ మోగింది. మెట్లమీద జనం గుసగుసలు. ఎవరూ తలుపు కొట్టలేదు. ఆ ఇంట్లో గొడవ కొత్త కాదు.

ఆమె పాక్కుంటూ కుక్కరు దగ్గరికి వెళ్ళింది. కొక్కెం తప్పించింది. నొక్కింది. కదల్లేదు. తిప్పబోయింది. వంగిన అంచు మూతని పంటితో పట్టుకున్నట్టు పట్టుకుంది. హారన్ మళ్ళీ మోగింది. సుత్తి తీసుకుని ఆ వంపుమీద కొట్టింది. ఇంకా లోపలికి పోయింది. మళ్ళీ ఎత్తింది.

"అక్కడ కాదే, దద్దమ్మా!"

సమ్మెటే అన్నాడు. మొహమంతా చెమట, పెదాలు తెల్లబడ్డాయి. కానీ కళ్ళు సుత్తిమీదే ఉన్నాయి. వాడి కళ్ళముందు వాడి సుత్తితో అంత చెత్తగా కొట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"సొట్ట మీద కొడితే సొట్ట పెరగదూ? పడుకోబెట్టు దాన్ని. సొట్ట పక్కకి రావాలి. పక్కకి! కింద చెక్క పెట్టు, బండమీద కొడితే పగుల్తుంది."

ఆమె కూరల చెక్క లాక్కుని కింద పెట్టింది.

"ఇప్పుడు పైన కొట్టు. అంచుమీద. గట్టిగా కాదు... నువ్వేమన్నా పాముని చంపుతున్నావా? చిన్నచిన్నగా. పైన నొక్కుకుంటే పక్కలు విచ్చుకుంటాయి."

టక్, టక్, టక్. చెప్పినట్టే కొట్టింది. అంచు వెంట్రుకవాసి జరిగింది. ఇంకోటి కొడితే పదిహేనేళ్ళ చెక్క నడుమ గుంటలో నిట్టనిలువునా రెండుగా చీలింది. ఆ దెబ్బకే మూత వదులై లోపల కదిలింది. ఆమె లోపలికి నొక్కి, పక్కకి తిప్పి, ఏటవాలుగా లాగింది. వచ్చేసింది.

వాడు నోరు తెరిచి చూశాడు. "అంతేనా?" అన్నాడు.

"అంతే."

ఆ మాట ఇంకా పూర్తి కాకుండానే వాడి ఎడమచెయ్యి పాములా వచ్చింది. పాస్‌పోర్టూ పని కాగితాలూ ఆమెకి దక్కాయి, టికెట్టు వాడి చేతికి చిక్కింది. ఒక్క చేత్తో చింపలేడు. నోట్లో కుక్కుకుని పళ్ళు బిగించాడు. ఆమె వాడితో పెనుగులాడలేదు. ఒళ్ళో ఉబ్బి పడున్న ఆ మణికట్టు మీద బొటనవేలు పెట్టి ఒక్కసారి నొక్కింది. నోరు దానంతట అదే తెరుచుకుంది. కాగితం మీద పంటి గాట్లు పడ్డాయి గాని అక్షరాలు చెదరలేదు.

కత్తులు ఏరుకుంది. దుప్పటి దులిపి పెట్టెలో కుక్కింది. చీలిన చెక్క వదిలేసింది. దాని బరువు మిగిలింది కదా అని రోకలి పెట్టబోయి, పెట్టలేదు. గొళ్ళెం తీసేటప్పుడూ చేతిలోనే ఉంచుకుంది.

"అక్కా" అన్నాడు వాడు వెనక నుంచి. "రాత్రికేం తినాలే?"

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగుంటే ఏమయ్యేదో ఆమెకి తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా తిరుగుతూనే ఉంది.

మెట్లమీద పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. "అయ్యో, నీ మొహం ఏమయిందే!"

"వాడి చెయ్యి విరిగింది పిన్నీ. కట్టు కట్టించు. తిండి మాత్రం పెట్టకు. పొయ్యి ఎలా వెలిగించాలో అడిగితే చెప్పు, అంతే."

పెట్టె ఆటోలో పడేసి ఎక్కి కూచుంది. డ్రైవరు వెనక్కి తిరిగి, ఆమె మొహమూ ఒళ్ళో రోకలీ చూసి, ముందుకి తిరిగి బండి స్టార్టు చేశాడు. పైన బాల్కనీలోంచి మొదట చీలిన చెక్క వచ్చి పడింది. తర్వాత కంచాలు. తర్వాత గరిటెలు, ఒక్కొక్కటీ. ఎడంచేత్తో విసురుతున్నాడు, అన్నీ గురి తప్పుతున్నాయి. చివరికి కుక్కరొచ్చింది. అది తప్పలేదు. ఆటో పైకప్పు దబ్బుమని లోపలికి వంగి ఆమె తలకి జానెడు పైన ఆగింది.

"ఎవడమ్మా వాడు! నా బండి! ఈ సొట్ట ఎవడు తీస్తాడు?"

ఊడిన పన్ను అరచేతిలోకి ఉమ్మి, చూసి, కాలవలో పడేసింది.

"పైన ఉన్నవాడే. సొట్టలు తియ్యడంలో వాణ్ణి మించినవాడు లేడు" అంది. "ఆరు వారాలాగి రా. చెయ్యి అతుక్కోవాలి. ఇప్పుడు పోనీ, నాకు టైమవుతోంది."