రోటీ మీద మెయిలు

నాడీ ఊళ్ళో మార్కెట్ వెనకాల పాపమ్మ రోటీ పొట్లాలు అమ్ముతుంది. పొద్దున్నే పిండి కలపాలి, బెండకాయ కూర చెయ్యాలి, బస్సు డ్రైవర్లు వచ్చేలోపు పొట్లాలు చుట్టెయ్యాలి. మొగుడు పోయినప్పట్నించీ ఇదే పని. భుజం నొప్పని చెప్తే వినేవాళ్ళు లేరు, అందుకని చెప్పడం మానేసింది.

పక్క గదిలో టాక్సీ బేస్, ఫోనొస్తే కార్లు పంపే చోటు. మొగుడు నడిపింది, ఇప్పుడు మరిది సతేంద్ర చూసుకుంటున్నాడు. పాపమ్మ కూతురు మాల అక్కడ కూర్చుని ఫోన్లెత్తుతుంది. జీతం మాటెత్తితే మనింటి పనికి జీతమేంటంటాడు.

ఇంటిల్లిపాదికీ ఒకటే ఈమెయిలు అడ్రసు. దాన్ని మూడు చోట్ల చూస్తారు. బేస్‌లో కంప్యూటరు ఉంది, మాల ఫోనుంది, పాపమ్మ పెనం ఉంది. మెయిలొస్తే రోటీ పొంగేటప్పుడు అక్షరాలు దాని మీద ఎర్రగా కాలి తేలతాయి. చల్లారితే పోతాయి. ఒక్కోసారి చూసుకోకుండా పొట్లం కట్టేస్తే, కొన్నవాళ్ళు సగం కొరికి, ఇదేదో మీ ఎయిర్‌పోర్టు బుకింగులా ఉందని బేస్‌లో ఇచ్చిపోతారు.

ఫోను, పాపం, మెయిలు చూపించి ఊరుకుంటుంది, అదీ మాల డేటా వేయించుకున్న రోజున. కంప్యూటరు అలా కాదు. సతేంద్ర తెరిచాడంటే ఉన్న మెయిళ్ళన్నీ లాగేసుకుని ఎవరికీ మిగల్చదు. రోటీదీ అదే వరస. తిన్నవాళ్ళదే మెయిలు, ఇంకెక్కడా కనిపించదు.

దూరాన సువా పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర పనికి మాల రాసుకుంది. రమ్మని జవాబొస్తే కంప్యూటరు మింగింది. నెల పోయాక సతేంద్ర నవ్వుతూ, చెప్తే వెళ్ళిపోతావుగా అన్నాడు. మాల మళ్ళీ రాసుకుంది.

ఆ రోజు సతేంద్ర ఎవర్నో సింగటోకాలో దింపడానికి వెళ్ళాడు. కంప్యూటరు తెరవలేదు. పాపమ్మ పెనం మీద మొదటి రోటీ పొంగింది. ఆమె చదివింది మూడో క్లాసు. అయినా కూతురి పేరు తెలుసు, సువా తెలుసు. కింద ఫోను నంబరు.

పిల్ల వెళ్ళిపోతే పిండి పిసికేదెవరు, గ్యాసు బండ ఎత్తేదెవరు? రోటీ చేతిలోకి తీసుకుంది. అక్షరాల్లేని అంచు తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మిగతాది తినడానికి ఎంతసేపు?

"మాలా, ఇలా రా. చల్లారిపోతోంది."

మాల నిలబడే చదివింది. ఆ నంబరుకి ఫోన్ చేసి, సోమవారం వస్తానని చెప్పింది. బయట కారు ఆగిన చప్పుడైంది.

"తినెయ్," అంది పాపమ్మ.

"కూర?"

"కూరకి టైం లేదు."

మాల గబగబా కుక్కుకుంది. పొలమారింది. వాళ్ళమ్మ వీపు మీద రెండు దెబ్బలేసింది.

సతేంద్ర లోపలికొచ్చి, "మెయిళ్ళేమన్నా వచ్చాయా భౌజీ?" అని వదినని అడిగాడు.

"ఒకటొచ్చింది. మాల తినేసింది."

తిన్న మెయిలు గురించి గొడవపడే అలవాటు ఆ ఇంట్లో లేదు. అయినా ఆగలేక, "ఏముందందులో?" అన్నాడు.

"సోమవారం నుంచి ఫోన్లెత్తడానికి ఎవర్నన్నా చూసుకో."

అతను మాల వైపు చూశాడు. మాల మూతి తుడుచుకుంది. అతను బేస్‌లోకి పోయాడు.

పాపమ్మ ఇంకో ఉండ తీసి ఒత్తడం మొదలుపెట్టింది. భుజం కలుక్కుమంది. మాల వచ్చి అప్పడాల కర్ర అందుకోబోయింది.

పాపమ్మ ఇవ్వలేదు.