సుగుణమ్మ సమాధి కాడ

బెంగళూరు సెమినరీలో ప్రమీలకు పీజీ చివరి ఏడు. అక్కడ బైబిలుతో పాటు గీత, ఖురాను కూడా చదివిస్తారు. వేరే మతం వాళ్లింట్లో వారం ఉండి, వాళ్ల భక్తీ బాధా తెలుసుకుని రమ్మని సారు చెప్పారు. తోటివాళ్లు దర్గాలకీ మఠాలకీ బయల్దేరితే, ప్రమీల ధర్మవరం పోయే ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగింది. ఆమెకు వేరే మతమంటే కన్నతండ్రే.

నల్లప్ప గొర్రెలు కాస్తాడు. పెళ్లాం సుగుణమ్మను చర్చి వాకిలి దాకా దింపి, ఆరాధన అయ్యేదాకా బయటే కూర్చునేవాడు. కూతురు పాస్టరమ్మ కావాలని ఆమె కోరిక. అది తీరకుండానే పోయింది. సమాధి చేసే రోజు నల్లప్ప ఊదుకడ్డీలు ముట్టించబోతే, హిందూపురం నుంచి వచ్చిన పాస్టరుగారు వద్దన్నారు. ఆ తర్వాత నల్లప్ప అటువైపు పోలేదు.

ఇంటికొచ్చి రోజులు గడుస్తున్నా ప్రమీల అడగాలనుకున్నది అడగలేకపోయింది. పొద్దున్నే తండ్రి సూర్యుడికి దండం పెట్టుకోవడం చూస్తుంది గానీ, సారుకు రాసివ్వాల్సిన కాగితం మీద ఒక్క ముక్క పడదు. చివరికి అన్నం తింటుండగా అడిగేసింది.

"నాయనా, అమ్మ కాడికి పోదామా?"

నల్లప్ప చెయ్యి కంచంలోనే ఆగింది. "వాళ్లు ఒప్పుకోరు లే పాపా."

"నేనుంటా గదా."

ఎండలోనే బయల్దేరారు. నల్లప్ప సమాధి మీద కనకాంబరాలు పెట్టి, ఊదుకడ్డీలు ముట్టించి గుచ్చి, కూతురి వైపు తిరిగాడు.

"మీ కాలేజీలో చెప్తావే, ఆ ప్రార్థన చెప్పు. నీ నోట వినల్లని మీ యమ్మకు శానా ఆశ ఉండె," అన్నాడు.

ప్రమీల మొదలుపెట్టింది. నల్లప్ప కళ్లు మూసుకోలేదు, కూతురి మొహం వంకే చూస్తూ ఉండిపోయాడు.

కబురు హిందూపురం చేరింది. సంఘపెద్ద శామ్యూల్ ఫోను చేశాడు. పాస్టరుగారు నొచ్చుకున్నారనీ, పాస్టరుగా ఆమె అభిషేకం సంగతి ఇప్పట్లో తేలదనీ మెత్తగానే చెప్పాడు. ప్రమీల సరేనంది. ఫోను పెట్టేశాక, ఆ చర్చి వేదిక మీద నిలబడాలన్న ఆశ మునుపటికన్నా ఎక్కువగా పీకింది. తను వాక్యం చెబుతుంటే నాయన లోపల, ముందు వరసలో కూర్చోవాలి.

రైలు కోసం ఎదురుచూస్తుండగా నల్లప్ప అడిగాడు. "సదువు అయినంక ఈడికే వస్తావా?"

"రానిస్తే వస్తా నాయనా."

అతను తలగుడ్డ సర్దుకున్నాడు. "చర్చి లోపల తలగుడ్డ తీసెయ్యల్లా పాపా?" అన్నాడు.