ఇంకా రాని స్టాపు

నా కొంప ముంచింది డ్రిల్లు మేష్టారు. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను, ఇక్కడా రాస్తున్నాను. మంచివాడే, కాదనను. వీధిలో ఏ ముసలాయన మంచాన పడ్డా, ఏ తల్లి పసిబిడ్డని వదిలి పనిలోకి పోలేక ఏడుస్తున్నా, ముందు తలుపు తట్టేది ఆయనే. చెడ్డవాడైతే కాలరు పట్టుకుని కడిగేద్దును. మంచివాడి కాలరు ఎలా పట్టుకుంటాం?

బళ్ళో పిల్లల చేత కసరత్తులు చేయించీ చేయించీ రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పీకాయో ఏమో, సాయం సంఘం పెట్టాడు. పని లేని పెద్దవాళ్ళని, ఖాళీగా ఉన్న ఆడవాళ్ళని పోగేసి ఇళ్ళకి పంపుతాడు. వాళ్ళు పొద్దున్న వచ్చి మన ముసలివాళ్ళ దగ్గరో, పిల్లల దగ్గరో మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. మనం పోయి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు. పైసా పుచ్చుకోరు. మెడలో ఈల మాత్రం ఇంకా తియ్యలేదాయన.

నా పని తాళాలు. తాళంచెవులు కోస్తాను, పోయినవాటికి కొత్తవి చేస్తాను, బయట చిక్కుకుపోయినవాళ్ళకి తలుపు తీసిపెడతాను. బజారు మొదట్లో చిన్న షాపు. ఏడో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టినవాడికి అదే ఎక్కువ. ఆ షాపు మా అన్న కొనిపెట్టింది. అన్న టైలరు. నాన్న పోయాక నన్ను సాకింది అన్నే. పెళ్ళి చేసుకోవేరా అని ఎవరన్నా అడిగితే, "వీడొక్కడి నిక్కర్లకి అతుకులెయ్యడానికే తీరట్లేదు, ఇంకొకళ్ళని తెచ్చుకోమంటారా" అనేవాడు.

అలాంటి మనిషికి మతి పోవడం మొదలైంది. ముందు కత్తెర తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టాడు. తర్వాత వచ్చినవాడికే మళ్ళీ మళ్ళీ కొలతలు తీశాడు. చివరికి మా ఇల్లు తన ఇల్లు కాదన్నాడు. పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవాడు. "ఇంటికెళ్ళాలి బాబూ" అనేవాడు. బాబు అంటే నేను. ఏ ఇల్లు అన్నా అని అడిగితే మళ్ళీ అదే మాట.

మా ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో చేస్తుంది. తెల్లారకుండా పోయి రెండింటికి వస్తుంది. అన్నని షాపుకి తీసుకెళ్ళి చూశాను. తాళంచెవి కోసే మిషను కీచుమంటే చెవులు మూసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒకరోజు ఇంటికి తాళమేసి పోయాను. తిరిగొచ్చేసరికి తలుపు బాది బాది అరచేతులు చిట్లి ఉన్నాయి. పక్కింటావిడ, "ఊళ్ళోవాళ్ళ తాళాలు తీస్తావు, ఇంట్లో మనిషిని బంధిస్తావా, నీ చేతులు పడిపోను" అంది. పడిపోనీ అన్నాను. ఆ తర్వాత ఇక తాళమెయ్యలేదు.

అప్పుడు సంఘం నుంచి కండక్టరమ్మ వచ్చింది. బస్సుల్లో పనిచేసి రిటైరైన మనిషి. లావుగా ఉంటుంది, గొంతు విప్పితే వెనక సీటు దాకా వినపడుతుంది. ఆవిడ వచ్చేసరికి అన్న గుమ్మంలో ఉన్నాడు, చెప్పులేసుకుని.

"ఇంటికెళ్ళాలి" అన్నాడు.

"ఎక్కడికయ్యా లేస్తున్నావ్? బండి కదుల్తుంటే లేస్తారా ఎవరైనా? పడ్డావంటే పళ్ళు రాలతాయి."

అన్న ఆగాడు. గోడ పట్టుకున్నాడు, నిజంగానే బండి కదుల్తున్నట్టు.

"నా స్టాపు..."

"నీ స్టాపు ఇంకా రాలేదు. వస్తే నేను చెప్పనూ? వెళ్ళి కూర్చో, కిటికీ పక్క సీటు ఖాళీయేగా."

కూర్చున్నాడు. కాసేపటికి జేబు తడుముకుని, "టికెట్ తీసుకున్నానా?" అన్నాడు.

"తీసుకున్నావులే. చిల్లరే నేనివ్వాలి. దిగేటప్పుడు ఇస్తా."

"అందరు కండక్టర్లూ ఇదే మాట" అన్నాడు అన్న, నవ్వుతూ. "ఒక్కళ్ళూ ఇచ్చిన పాపాన పోలేదు."

"ఏమయ్యోయ్ టైలరూ, మిగిలిన గుడ్డముక్క నువ్వెవరికైనా తిరిగిచ్చావా?"

అన్న పగలబడి నవ్వాడు. నేను తలుపు వెనక నిలబడి నవ్వాను. నవ్వి ఎన్నాళ్ళైందో. ఆ వారమంతా మిషను ఆపకుండా తాళంచెవులు కోశాను.

సోమవారం పొద్దున్న డ్రిల్లు మేష్టారు ఇంకో మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. సంఘంలో పద్ధతి అదీ. వారానికో ఇల్లు, వారానికో మనిషి. కసరత్తులో వరసలు మార్చినట్టు మారుస్తాడు. నేను ఆయన్ని వీధిలోకి తీసుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను.

"మేష్టారూ, ఆవిడనే ఉంచండి. మా అన్న ఇంకొకళ్ళ మాట వినడు."

"చూడవయ్యా. పోయినేడు ఒక ముసలావిడ ఒక్క మనిషికే అలవాటు పడింది. ఆ మనిషి ఇల్లు మారిపోతే ఈవిడ మెతుకు ముట్టలేదు. మాట పడిందెవరు? నేను. అందుకే అందరూ అందరికీ అలవాటవ్వాలి."

"అలవాటా? మా అన్నకి నేనే అలవాటు లేను మేష్టారూ. ఎవరు బాబూ నువ్వు అంటున్నాడు."

"మరింకేం? మనిషి మారినా ఆయనకి తెలియదుగా" అన్నాడు.

చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. మన మాటే మడతపెట్టి మన చేతిలో పెడతారు.

కండక్టరమ్మ ఇంటికే పోయాను. చెప్పులు విడవకుండానే, "అక్కా, నువ్వే రా" అన్నాను.

"నాకు వేరే ఇల్లు వేశారు తమ్ముడూ. కవలపిల్లలు, తల్లికి కుట్లు ఇంకా ఆరలేదు. ఆ పిల్లని వదిలేసి రమ్మంటావా?"

రమ్మనే అనాలనుంది. అనలేకపోయాను. "వచ్చినాయనకి బస్సు మాట నేర్పి చూడు. మీ అన్న వింటాడేమో" అంది.

ఆ కొత్తాయన మందుల షాపు నడిపి మానుకున్న పెద్దమనిషి. మాట దూదిలా ఉంటుంది. నేను చెప్పినట్టే నేర్చుకున్నాడు పాపం. "బండి కదులుతోందండీ, దయచేసి లేవకండి" అన్నాడు అన్నతో.

అన్న ఎగాదిగా చూశాడు. "నువ్వు కండక్టరువా? సంచేది?"

మర్నాడు ఆయన భుజానికి తోలుసంచి తగిలించుకొచ్చాడు. అందులో చిల్లర గలగల. అన్న నమ్మాడు. బుధవారం దాకా బాగానే సాగింది. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

గురువారం మధ్యాహ్నం భోజనం వేళైంది. అన్న కిటికీ దగ్గర్నుంచి కదలనన్నాడు. మందులాయన ఆలోచించాడు. పొద్దుట్నుంచీ బస్సులో కూర్చున్న మనిషి, పాపం, ఎప్పటికైనా దిగాలి కదా అనుకున్నాడు. "మీ స్టాపు వచ్చేసిందండీ. దిగండి" అన్నాడు. అన్న సంతోషంగా లేచాడట. చిల్లర అడిగి మరీ తీసుకున్నాడట. మందులాయన భోజనం వేడి చెయ్యడానికి వంటింట్లోకి పోగానే, చెప్పులేసుకుని దిగిపోయాడు.

అప్పుడు నేను ఎవరింట్లోనో ఇరుక్కున్న బీరువా తాళం తీస్తున్నాను. మందులాయన ఫోనులో ఏడుస్తుంటే ముందు నాకు మాటే అర్థం కాలేదు.

సంఘమంతా కదిలింది, అది ఒప్పుకోవాలి. డ్రిల్లు మేష్టారు ఈల ఊదుతూ, మనుషుల్ని జట్లుగా విడదీసి వీధి వీధికీ పంపాడు. పొద్దు వాలుతుండగా కండక్టరమ్మకి కనపడ్డాడు అన్న. పెద్దరోడ్డు పక్కన, మూసేసిన షాపు మెట్టు మీద. కాలికి ఒకటే చెప్పు. చిల్లర పిడికిట్లో బిగించి ఉంది. నేను పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"అన్నా, పద ఇంటికి."

"దిగమన్నారు, దిగాను బాబూ" అన్నాడు. "అంతా తిరిగి చూశాను. ఇక్కడ ఇల్లు లేదు."

కండక్టరమ్మ ముందుకొచ్చింది. "అయ్యో టైలరూ, తప్పు స్టాపులో దిగావయ్యా! ఎక్కు ఎక్కు, మనం ఇంకా ముందుకెళ్ళాలి."

అన్న ఆవిడని చాలాసేపు చూశాడు.

"మీరు అబద్ధం చెప్తారమ్మా" అన్నాడు.

ఆవిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

నా పేరు మర్చిపోయాడు, తన పేరు మర్చిపోయాడు, ఆ ఒక్క సంగతి మాత్రం మర్చిపోలేదు అన్న. తర్వాతెవరైనా బస్సు మాట ఎత్తితే, "నేను దిగేశానుగా" అంటాడు. ఇక కూర్చోడు. ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తాడు. నిద్రపట్టేదాకా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని పక్కన నడవాలి. వదిలితే గుమ్మం దాటతాడు. డ్రిల్లు మేష్టారు రూలు పక్కనపెట్టి కండక్టరమ్మని పంపాడు, ఎన్నాళ్ళైనా ఉండమని. ఆవిడ చెయ్యి పట్టుకుంటే అన్న విదిలించుకున్నాడు. నా చెయ్యి మాత్రం ఒప్పుకుంటాడు. ఎందుకో తెలీదు. తమ్ముణ్ణని మాత్రం కాదు.

మేష్టారు ఒకరోజు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అన్నని నడిపిస్తూనే, "నా కొంప ముంచారు మేష్టారూ" అన్నాను.

"బస్సు మాట నేర్పింది నువ్వేనటగా" అన్నాడు. దెప్పుతున్నట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు. ఈల పిడికిట్లో నలుపుతున్నాడు. మేమిద్దరం ఈ గోడ దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. మళ్ళీ వెళ్ళి వచ్చేసరికీ ఉన్నాడు.

మా ఆవిడది నెలజీతం, నాది ఏ రోజుకారోజు. ఎవరు మానాలో ఇద్దరం నోరు విప్పి అనుకోలేదు. కొన్నాళ్ళు షాపు మూసి ఉంచాను. తర్వాత ఫోన్లకి తొడుగులమ్మే కుర్రాడు అడిగితే ఇచ్చేశాను. సంతకం పెట్టేటప్పుడూ అన్న చెయ్యి నా ఎడం చేతిలోనే ఉంది. ఆ కుర్రాడు ఇనప టేపు తీసి కొలవబోయాడు. అక్కర్లేదు బాబూ, నాకు తెలుసన్నాను. తన కుట్టుమిషన్లు రెండూ అమ్మి, ఇక అద్దె మిషను మీద కుట్టుకుంటానని ఆ జాగా కొన్న రోజున, అన్న మెడలో టేపు తీసి, చొక్కాకి కొలిచినట్టు కొలిచి నాకు చెప్పాడు. పొడవు నూట ఎనిమిది అంగుళాలు. వెడల్పు డెబ్భై ఎనిమిది.