అందరికీ ఒకటే ఫోల్డరు

పాత వర్షన్లన్నీ దాచిపెట్టి, అడిగినప్పుడు తిరిగిచ్చే సాఫ్ట్‌వేర్‌ను మా వర్క్‌షాపుకు తెచ్చింది నేనే. ఎవరి కాపీ వాళ్ల కంప్యూటర్లో పెట్టుకోవాలని దాని మొదటి పేజీలోనే రాసి ఉంది. మాకంత ఓపికెక్కడిది? నెట్‌వర్క్ డ్రైవులో ఒకే ఒక్క ఫోల్డరు పెట్టుకుని అందరం అందులోనే పడ్డాం. దానికి మేం కనిపెట్టిన ఘనమైన ఏర్పాటు ఏమిటంటే, పాత వర్షన్‌కు వెళ్లేవాళ్లు “వెనక్కెళ్తున్నా!” అని అరవాలి. తిరిగొచ్చాక “వచ్చేశా!” అనాలి. ఒకరు వెనక్కెళ్తే ఫోల్డర్లో అందరికీ పాతదే ఉంటుంది కాబట్టి, ఈ మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

మేం చేసేవి దవడ ప్లేట్లు. గడ్డ వల్ల దవడ ఎముక తీసేస్తే, ఆ ఖాళీలో బిగిస్తారు. ఓనరు మా వదిన, గీసేది నేను. మిషను మీద పనిచేసే ఆయన్ని గడియారం అంటాం. నాలుగంటే నాలుగింటికే బటను నొక్కుతాడు; అప్పుడు ఫోల్డర్లో ఏ బొమ్మ ఉంటే మిషను దాన్నే కోస్తుంది.

నిన్న మధ్యాహ్నం ఒక టీచరమ్మ ప్లేటు వంపు మీద అనుమానమొచ్చి, పాత స్కానుతో గీసిన వర్షన్‌కు వెళ్లాను. ఆవిడ గుండె బలహీనం, మత్తు ఒక్కసారే ఇవ్వగలమని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే అంత జాగ్రత్త. వదిన ఫోన్లో ఉందని అరవలేదు. పది నిమిషాలేగా అనుకున్నాను.

ఈ ఉదయం ఊరికే లాగ్, అంటే ఎవరెప్పుడు ఏ వర్షన్‌కు వెళ్లారో సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టా, తెరిచి చూశాను. నేను వెనక్కెళ్లింది 3:54కి, తిరిగొచ్చింది 4:05కి. ఆసుపత్రికి పోయింది పాత ప్లేటు. మూడు మిల్లీమీటర్లు పొట్టి.

“వదినా, ఆపరేషన్ ఎన్నింటికి?”

“ఎనిమిదింటికే మొదలైంది. ఏంటే, ముఖం అలా పాలిపోయింది?”

చెప్పాను. వదిన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వెంటనే ఆసుపత్రికి ఫోన్ కలిపింది. నర్సు ఫోన్‌ను డాక్టరు దగ్గర పెడితే, వదిన విషయం చెప్పింది.

“ఎముక తీసేశానమ్మా. కొత్తది ఎంతసేపట్లో ఇస్తారు?”

“ఆరు గంటలు పడుతుంది సార్.”

“అంతసేపు ఆ గుండె తట్టుకోదు. ప్లేటు లేకుండానే మూసేస్తున్నా.”

ఆటో ఎక్కి ఆసుపత్రికి పరిగెత్తాను. ఎందుకో నాకే తెలియదు. వర్క్‌షాపులోనే కూర్చుంటే చచ్చిపోతాననిపించింది. థియేటరు బయట బెంచీ మీద టీచరమ్మ భర్త ఉన్నాడు. వడ్రంగి. కొలతల రోజున నా బల్ల దగ్గరే నిలబడి, నేను గీసే ప్రతి గీతా మెచ్చుకున్నాడు. నన్ను చూసి నవ్వుతూ లేచాడు.

“మీరూ వచ్చారా అమ్మా! ఇక నమిలి తింటుంది కదా?”

జరిగింది మొత్తం చెప్పేశాను. సాఫ్ట్‌వేరూ ఫోల్డరూ ఆయనకు ఎక్కలేదు. మూడు మిల్లీమీటర్లూ, నేను అరవాల్సిన సంగతీ మాత్రం అర్థమయ్యాయి. బొటనవేలూ చూపుడువేలూ అంత ఎడంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“అరవలేదా అమ్మా?” అన్నాడు.

“లేదండీ.”