తొక్కుడు పెట్టెకు బొట్టు

మా ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు ఒకడున్నాడని ఫొటోల్లో తప్ప ఎక్కడా తెలియదు. ఆ ఒకణ్ణి నేనే, గురుమూర్తిని. పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళకూ జాతరలకూ వాయిస్తున్నాను. పగలు మదనపల్లె టమోటా మార్కెట్లో తూకం చీటీలు రాస్తాను. ప్రోగ్రాం ఉన్న రోజు నల్ల చొక్కా, మొనదేలిన బూట్లు వేసుకుని స్టేజీ ఎక్కుతాను. డ్రమ్ములు మోగుతాయి, కీబోర్డు మోగుతుంది, ఆ రెండింటినీ మా యజమాని చెంగల్రాయుడు గొంతు మింగేస్తుంది. నా వేళ్ళు మాత్రం కదులుతూ కనిపిస్తాయి. ఒకసారి పుంగనూరు రిసెప్షన్లో నా గిటారు వైరు ఊడిపోయింది. నాలుగు పాటలయ్యేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఎవరిలో నేనూ ఉన్నాను.

చెంగల్రాయుడికి అరవై ఏళ్ళు. 'వెన్నెల మెలోడీస్' ఆయనది, వ్యాను ఆయనది, మైకు ఆయనది. స్టేజీ మీద మేం ఎప్పుడు నవ్వాలో కూడా ఆయనే చెబుతాడు. దసరాకు పది రోజుల ముందు నన్ను మదనపల్లె ఆఫీసుకు పిలిచాడు. ఆఫీసంటే టైలరు అంగడి వెనకాల గది. అక్కడ మా కీబోర్డు సాయికుమార్ నేల చూపులు చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఆ చూపులతోనే నాకు సగం విషయం అర్థమైంది.

"గురుమూర్తీ, సాయి కొత్త కీబోర్డు తెచ్చినాడు సూడు. దాంట్లోనే గిటారు ఉండాది. ఎడం చేత్తో నొక్కితే వచ్చేస్తాది," అన్నాడు చెంగల్రాయుడు.

కుడి చేత్తో నొక్కితే మీ గొంతు కూడా వస్తుందేమో కనుక్కున్నారా అని నాలుక చివరిదాకా వచ్చింది. 

"పద్దెనిమిదేండ్లు తోడుండావు, ఉన్నట్టుండి పొమ్మంటే బాగుండదు. ఆయుధ పూజకు శాంతిపురం గ్రానైట్ ఫ్యాక్టరీలో ప్రోగ్రాం ఉండాది. ఆడ నీ గిటారు నా చెవికి వేరేగా ఇనపడాల. ఇనపడిందా, ఉంటావు. లేదా, దీపావళి నుంచి నువ్వు రావద్దు. వ్యాన్లో స్పీకరు పెట్టేదానికి చోటు ల్యాక సస్తాండాం."

అంటే పోటీ నాకూ సాయికుమార్‌కూ కూడా కాదు. నాకూ ఒక స్పీకరుకూ.

ఇంటికి పోయే పుంగనూరు బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. చౌడేపల్లె వాళ్ళు పాల క్యాన్లతో ఎక్కి నా ఒళ్ళో ఒకటి పెట్టేసరికి కోపం పోయి భయం పట్టుకుంది. మార్కెట్లో నన్ను 'చీటీలాయన' అంటారు. మా వీధిలో మాత్రం చిన్నా పెద్దా అందరూ 'గిటారు గురుమూర్తి' అంటారు. ఆ పేరు పోతే ఇక మిగిలేది చీటీలాయనే. ఆ మనిషితో బతకడం నావల్ల కాదు.

మర్నాడే బెంగళూరు వెళ్ళి ఎఫెక్ట్స్ పెట్టె కొన్నాను. గిటారుకూ మిక్సరుకూ నడుమ నేల మీద పెట్టి, కాలితో తొక్కే పెట్టె అది. ఒక మీట తొక్కితే గిటారు గర్జిస్తుంది. ఇంకోటి తొక్కితే కొండకు తగిలి వెనక్కి వచ్చినట్టు మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. అమ్మినతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లాక్‌డౌన్లో అతనికి గిటారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టిందట, మూడు వారాలకు పోయిందట. పెట్టె మీద దుమ్మే గానీ ఒక్క గీత లేదు. ఎంతకు కొన్నానో నా భార్య యశోదకు ఒక మాట చెప్పాను. అది నిజం కాదు, కాబట్టి ఇక్కడా చెప్పను.

యశోద పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది పాడతాదా?"

"పాడదు. గిటారు సౌండును మారస్తాది."

"గిటారే యెవురికీ ఇనపడదంటివే. ఇనపడని దాన్ని ఏం మారస్తావయ్యా?"

పెళ్ళయినప్పటి నుంచీ ఆమె ఇలాంటి ప్రశ్నలే అడుగుతోంది. నేను మిద్దె మీదికి పోతూనే ఉన్నాను.

పెట్టెలో రెండు వందల శబ్దాలున్నాయి. రోజూ పొద్దున్నే మిద్దె మీద కూర్చుని అన్నీ విన్నాను. అందులో నూట యాభై ఎవరి కోసం పెట్టారో పెట్టినవాడికే తెలియాలి. ఒకటైతే అచ్చం మిక్సీ మోతే. అది విని ఎదురింటి చిన్నమ్మ బయటికొచ్చి, "ఏం చట్నీనప్పా ఈ పొద్దు?" అని అడిగింది. చివరికి మూడు మీటలకు మూడు శబ్దాలు కుదుర్చుకున్నాను. ఒకటి గర్జన, రెండోది కొండ గొంతు, మూడోది మెత్తనిది, డ్యూయెట్లకు. ఏడో రోజుకు చూడకుండా తొక్కగలిగాను. చెంగల్రాయుడి చెవులకు కాలం మూడిందని నాలో నేనే నవ్వుకున్నాను.

ఆయుధ పూజ రోజు పొద్దున వ్యాను పుంగనూరులో నన్ను ఎక్కించుకుని, పలమనేరు మీదుగా తొమ్మిదికల్లా శాంతిపురం చేరింది. ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేశారు. యజమాని నారాయణస్వామి పట్టుపంచెలో తిరుగుతున్నాడు. అయితే అక్కడ పెత్తనం ఆయనది కాదు, వాళ్ళమ్మ మునిలక్ష్మమ్మది. డెబ్బై అయిదేళ్ళ మనిషి. ఒక చేతిలో పసుపు కుంకుమ పళ్ళెం, వెనకాల కొబ్బరికాయల గంపతో ఇద్దరు పనివాళ్ళు. క్రేనుకు బొట్టు, లారీకి బొట్టు, రాయి కోసే మిషన్లకు బొట్టు. ప్రతి దాని ముందూ కాయ కొట్టడం, ఆ నీళ్ళు దాని నెత్తిన పోయడం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గ్రానైట్ కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పడుతూనే ఉండాలి, లేకపోతే బ్లేడు కాలిపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఆమె చూసిన మిషన్లన్నీ నీళ్ళతో బతికేవే. మిషన్ అంటే నీళ్ళు పోయాల్సిందని ఆమె లెక్క.

నేను వైర్లన్నీ తగిలించి, పెట్టె ఆన్ చేసి, దాని ఎర్ర లైట్లు ఒకసారి కళ్ళారా చూసుకుని పొంగలి తినడానికి పోయాను. పొంగలి బాగుంది. రెండోసారి పెట్టించుకున్నాను. ఆ రెండోసారే నా కొంప ముంచింది.

తిరిగొచ్చేసరికి ఊరేగింపు స్టేజీ మీదికి ఎక్కేసింది. సాయికుమార్ తెలివైనవాడు, కీబోర్డు మీద ప్లాస్టిక్ కవరు కప్పి దాని మీద చేతులు చాచి నిలబడ్డాడు. నా పెట్టెకు దిక్కెవరు? మూడు మీటలకూ మూడు బొట్లు పడ్డాయి. చుట్టూ బంతిపూల మాల పడింది. నేను పరుగెత్తుకొచ్చే లోపల మునిలక్ష్మమ్మ కాయ కొట్టి రెండు చిప్పల నీళ్ళూ దాని మీద ఒంపేసి, "సల్లగా ఉండు తల్లీ," అని దీవించింది.

లైట్లు మూడుసార్లు మిణుకుమని ఆరిపోయాయి.

"అమ్మా! నీళ్ళు పోసేసినావే!" అని అరిచాను.

"పోయకుంటే ఎట్లప్పా? మా మిషన్లన్నిటికీ పోసి దీనికి మాత్రం తక్కువ సేసేదా?"

పండగ పూట అంత మర్యాద చేసిన మనిషిని ఏమని తిడతాను? తిట్టే దమ్ముంటే ఎప్పుడో చెంగల్రాయుణ్ణే తిట్టేవాణ్ణి. వంగి పెట్టెను ఊదాను, కండువాతో తుడిచాను, వైరు పీకి పెట్టాను. కదల్లేదు. ఏమీ తోచక బూటు కాలితో మీటను గట్టిగా తొక్కాను.

"ఏయ్!" మునిలక్ష్మమ్మ అరుపుకు షామియానా అంతా ఇటు తిరిగింది. "కండ్లు కనపడలేదా? ఇప్పుడే గదా పూజ సేసింది! బొట్టు మీద బూటు కాలు పెడతావా?"

"అమ్మా, ఇది కాలితో తొక్కేదేనమ్మా. తొక్కితేనే పనిచేస్తాది."

"పూజ సేసినాంక తొక్కేదేంది?"

నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. "మీ లారీకీ బొట్టు పెట్టినారు గదమ్మా. మీ డ్రైవరు క్లచ్చును నెత్తితో తొక్కుతాడా?"

పనివాళ్ళు పకపకా నవ్వారు. చెంగల్రాయుడు తల పట్టుకున్నాడు. మునిలక్ష్మమ్మ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. ఆవరణలో ఉన్న లారీ వైపు ఒకసారి చూసింది.

"న్యాయమే. అయితే మా డ్రైవరు ఈ పొద్దు చెప్పులిడిసి, మొక్కోని ఎక్కినాడు. నువ్వూ ఇడిసి, మొక్కి తొక్కు. నేను ఈడే కూసోని సూస్తా."

బూట్లు విప్పాను. ఎడమ సాక్సులోంచి బొటనవేలు బయటికి చూసింది. దాన్ని చూసి మొదటి వరసలో పిల్లలు ఈల వేశారు. సాక్సులూ పీకేశాను. పెట్టెను ముట్టుకుని కళ్ళకు అద్దుకున్నాను. మునిలక్ష్మమ్మ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని సరిగ్గా నా పాదాల ఎదురుగా వేసుకుని కూర్చుంది. చచ్చిన పెట్టె, దాని మీద నా ఉత్త కాలు, ఎదురుగా ఆమె, పక్కన మైకు పట్టుకుని చెంగల్రాయుడు. "రెడీనాప్పా?" అన్నాడాయన. ఇక అయిపోయింది, ఈ రోజుతో నేను చీటీలాయన్నే అనుకున్నాను.

సాయికుమార్ వైరు సర్దుతున్నట్టు నా పక్కన వంగాడు.

"అన్నా, సచ్చిపోయింది గదా?"

"పోయింది. చెప్పెయ్ ఆయనకు. నీ ఎడం చేత్తో నువ్వే వాయించుకో."

"ఊరికే ఉండన్నా. పెట్టెలో నుంచి మిక్సరుకు పోయే పొడుగు వైరు పీకి నేరుగా గిటారులో పెట్టు. ఆ సందు మీదికి మాల జరుపు. మిగతాది నేను సూసుకుంటా. నువ్వు మాత్రం తొక్కుతా ఉండు."

అందరి సౌండూ పెంచి తగ్గించే మా మిక్సరు సాయికుమార్ మోచేతి కిందే ఉంటుంది. చెప్పినట్టే చేశాను. పాట మొదలైంది. చరణానికి ముందు గిటారు ముక్క ఒకటి ఉంది, ఎప్పుడూ ఎవరికీ వినపడనిది. చచ్చిన పెట్టె రెండో మీటను భక్తిగా తొక్కి వాయించాను.

నా గిటారు వినపడింది. ఎదుట రేకుల షెడ్డుకు తగిలి, బండరాళ్ళ మీదుగా తిరిగొచ్చి మరీ వినపడింది. తల తిప్పి చూస్తే సాయికుమార్ తన కీబోర్డు శబ్దాన్ని సగానికి తగ్గించేసి, చెంగల్రాయుడి గొంతుకు పెట్టే ఎకోను నా లైనుకు తిప్పాడు. పద్దెనిమిదేళ్ళలో నేను వాయించేది నా చెవులతో వినడం అదే మొదలు. ఇంత బాగా వాయిస్తానని నాకే తెలియదు. కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. గ్రానైట్ దుమ్ము పడిందని చెప్పుకోవచ్చు గానీ, దుమ్ము కాదు.

"అన్నా, తొక్కేది మర్సిపోతాండావు, ఆయన సూస్తాండాడు," అన్నాడు సాయికుమార్ వెనక నుంచి.

తొక్కాను. పన్నెండు పాటలూ తొక్కాను. తొక్కిన ప్రతిసారీ మునిలక్ష్మమ్మ చెంపలేసుకుంది. చివరి పాటకు క్రేను డ్రైవరు హారను కొట్టి మరీ మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం వ్యాన్లో చెంగల్రాయుడు వెనక్కి తిరిగి నా ఒళ్ళో ఉన్న పెట్టెను చూశాడు.

"ఇనపడిందప్పా గురుమూర్తీ. ఒక్కో ముక్క వేరేగా ఇనపడింది. ఈ పెట్టె ల్యాకనే ఇన్నేండ్లూ నువ్వు ఇనపడలేదు. ఇంక యాడికి పోయినా దీన్ని తేవాల. ఇది ల్యాకుండా నువ్వు వ్యానెక్కొద్దు. అయితే లైట్లు ఎలగలేదే?"

"మాల కింద ఉండాయి," అన్నాను.

సంతోషించాలి కదా. సీటు దక్కింది, పేరు దక్కింది. అయినా ఆ పెట్టెను కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

పలమనేరులో టీకి ఆగినప్పుడు సాయికుమార్‌ను పక్కకు పిలిచాను. "నన్ను తీసేసుంటే నీకే మేలు గదప్పా. యాల చేసినావు?"

అతను టీ ఊదుకున్నాడు. "ఈ పొద్దు నీ గిటారును నా కీబోర్డులో పెడతారు. రేపు నన్ను ఒక పెన్‌డ్రైవ్‌లో పెడతారు. అప్పుడు నా పక్కన వంగేదానికి ఎవురుంటారన్నా?"

అతని టీకి నేను డబ్బులిస్తానంటే వద్దని, ఇంకో వడ మాత్రం ఇప్పించమన్నాడు.

దీపావళికి కుప్పంలో ప్రోగ్రాం, సాయంత్రం పూట. అక్కడ మాల సాకు చెల్లదు. మదనపల్లెలో టీవీలు బాగుచేసే వెంకటప్ప దగ్గరికి పెట్టెను తీసుకుపోయాను. అతను విప్పి చూశాడు. లోపల కుంకుమ, కొబ్బరి పీచు, ఒక బంతిపూ రేక.

"బాగుపడతాదప్పా. ఒక పార్టు బెంగళూరు నుంచి తెప్పిస్తే రెండు వందల సౌండ్లూ తిరిగొస్తాయి," అన్నాడు.

"సౌండు వద్దప్పా, లైట్లు ఎలిగితే సాలు," అన్నాను.