ఆరబెట్టని నైలాన్ గింజలు

"చుట్టాలొచ్చే వేళకి కోడలు ఇంట్లో లేకపోతే ఏం బావుంటుందమ్మా" అని అత్తగారు ఫోన్ చేసేసరికి నేను లాబ్‌లో నైలాన్ గింజలు తూస్తున్నాను. పక్కనే మా ఆయన. ఇంట్లో భర్త, ఇక్కడ పై అధికారి. "నువ్వు వెళ్ళు. గింజలు నేను ఓవెన్‌లో పెడతాలే, ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు. వెళ్ళాను.

నైలాన్‌కీ, బకెట్లు చేసే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కీ పడదు. కలిపి కరిగించినా దేని దారి దానిదే. ఆ రెంటినీ పట్టి ఉంచే పదార్థం తయారుచేయడానికి నాకు మూడేళ్ళు పట్టింది. పిల్లకి జ్వరమొచ్చినా, అత్తగారికి మోకాళ్ళు పట్టేసినా సెలవు పెట్టేది నేనే కాబట్టి మూడేళ్ళు, లేకపోతే ఏడాదిన్నరలో తేలిపోయేది. నైలాన్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. పన్నెండు గంటలు ఓవెన్‌లో ఆరబెట్టకుండా కరిగిస్తే దాని లోపలి అణువుల గొలుసులు తెగిపోతాయి, ఇక వేడికి ఆగదు. ఇది మా లాబ్‌లో అందరికీ తెలిసిన సంగతే.

ఆ సాయంత్రం పదకొండుమందికి వండి వడ్డించాను. "ఇంత చదివినా వంట మర్చిపోలేదు" అని మెచ్చుకున్నారు. ఒళ్ళు మండింది. నవ్వి ఊరుకున్నాను.

మర్నాడు గింజలు కరిగించి నా పదార్థం కలిపాం. వారానికి ఫలితాలొచ్చాయి. మిశ్రమం అనుకున్నదానికన్నా ముప్పై డిగ్రీలు తక్కువ వేడికే పాడైంది. చల్లారేటప్పుడు స్ఫటికాలు కట్టే తీరూ మారిపోయింది. అనుమానమొచ్చి, ఓవెన్‌లో ఎవరు ఎప్పుడు ఏం పెట్టారో రాసే పుస్తకం తీశాను. ఆ తేదీన ఏమీ రాసి లేదు.

"మర్చిపోయాను" అన్నాడు ఆయన, ఇంటికెళ్తూ కారులో. "రేపు మీటింగ్‌లో నీ పదార్థమే వేడికి ఆగలేదని చెప్పేద్దాం. నువ్వు ఇంకోటి మొదలుపెట్టుకోవచ్చు, నా పరువు పోతే మళ్ళీ రాదు. మొగుడూపెళ్ళాలమన్నాక ఆ మాత్రం సర్దుకోవాలి."

సర్దుకోవడం నాకు కొత్తేమీ కాదు, పెళ్ళయిన పద్నాలుగేళ్ళుగా చేస్తున్నదదే. కాని ఆ పదార్థం ఎవరింటి కోడలూ కాదు. ఏ తప్పూ చేయని దాన్ని తీసి పారేస్తారంటే ఏడుపొచ్చింది.

మీటింగ్‌లో డైరెక్టర్ గారు గ్రాఫ్ మీంచి తలెత్తి, "నైలాన్ ఆరబెట్టిందెవరు?" అని అడిగారు. మా ఆయన నావైపు చూశాడు. తిన్న కంచం తియ్యమన్నట్టు ఉంది ఆ చూపు.

"ఎవరూ ఆరబెట్టలేదు మేడమ్" అన్నాను. "నన్ను ఇంటికి పంపి, తను చూసుకుంటానన్న మా అధికారి మర్చిపోయారు. నా పదార్థంలో లోపం ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు. ఇవాళే మళ్ళీ మొదలుపెడతాను."

నేను కాగితాలు తీసుకుని లేచి, ఆయన కుర్చీ పక్కన ఆగాను.

"గింజలు ఆరేదాకా నేను ఇంటికి రాను. అత్తయ్యగారికి మీరే చెప్పండి."